బూస్టర్లు కొనొద్దు, పాత డిష్ వాడుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా భీమవరం వైపు చెరువుల రైతులు గట్టు మీద షెడ్డు దగ్గర సిగ్నల్ అందట్లేదని డబ్బులు పోసి మొబైల్ బూస్టర్లు (ఫోన్ సిగ్నల్ పెంచే పెట్టెలు) కొంటున్నారండి, దీని గురించి మీ పేపర్లో ఒకసారి గట్టిగా రాయమని అడగడానికే ఈ ఉత్తరం. పర్మిషన్ లేకుండా అవి పెట్టడం చట్టప్రకారం నేరం, పైగా టవర్‌కి అడ్డు తగిలి చుట్టుపక్కల వాళ్ల ఫోన్లకి కూడా సిగ్నల్ సరిగ్గా అందదు. అసలు వీళ్లలో చాలామందికి ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది, ఆ వైఫైని కొన్ని వందల మీటర్ల అవతల షెడ్డు దగ్గర ఉన్న కెమెరాకో ల్యాప్‌టాప్‌కో చేరిస్తే సరిపోతుంది, దానికి డాబా మీద తుప్పు పడుతున్న డీటీహెచ్ డిష్ చాలు!!

వైఫై 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12 సెంటీమీటర్ల పైచిలుకు. 60 సెంటీమీటర్ల డిష్ దాన్ని టార్చిలైట్లో అద్దంలాగా ఒకే వైపుకి పోగేస్తుంది, లెక్క ప్రకారం అటువైపు 100 రెట్ల దాకా బలం, ఇంట్లో చేసుకున్నదానికి అందులో సగం వచ్చినా గొప్పే. డిష్‌ని షెడ్డు దగ్గర ఇంటి వైపు చూసేలా పెట్టి, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర ఉండే చిన్న డబ్బా) తీసేసి ఆ చోట, షెడ్డులో ల్యాప్‌టాప్ ఉంటే యూఎస్‌బీ వైఫై డాంగిల్ (పెన్‌డ్రైవ్ లాంటి వైఫై పరికరం), కెమెరా అయితే రిపీటర్ మోడ్‌లో (అందిన వైఫైని ముందుకి పంపేలా) పెట్టిన చిన్న రౌటర్ కట్టి అక్కణ్ణుంచి నెట్ కేబుల్ లాగాలి. ఇంట్లో రౌటర్‌ని కూడా చెరువు వైపు కిటికీ దగ్గరికి మార్చాలి.

ఎక్కువమంది ఆగిపోయేది కేబుల్ దగ్గర. డాంగిల్ కింద పెట్టి యాంటెన్నాకి సన్న కోయాక్సియల్ కేబుల్ (టీవీ కేబుల్ లాంటిది) లాగితే 3 మీటర్లకే దాదాపు సగం సిగ్నల్ దాంట్లోనే పోతుంది, అందుకే డాంగిల్ డిష్ దగ్గరే ఉండాలి, కిందకి యూఎస్‌బీ వైరే రావాలి, అది కూడా 5 మీటర్లు దాటకూడదు. ఇంకోటి, ఈ డిష్‌లు చూపు పైకి పడేలా చేసినవి, ఎదురుగా ఉన్న ఇంటి వైపు తిప్పాలంటే నేల మీదకి 20 డిగ్రీల పైనే వంచాలి, చూడ్డానికి తప్పు పెట్టినట్టే ఉంటుంది కానీ అదే కరెక్ట్. చెరువుల మీద అడ్డేమీ ఉండదు గానీ గట్టు మీద కొబ్బరాకులు తడిస్తే సిగ్నల్ తాగేస్తాయి, వాటి మీదుగా కాకుండా చూసుకోవాలి. కరెంటు తీగలకి దూరంగా ఉండాలి, ఉరుములు మొదలైతే ప్లగ్ పీకేయాలి.

2005 నుంచి మన దేశంలో ఈ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి లైసెన్స్ అక్కర్లేదు, కానీ యాంటెన్నా పెంచే బలంతో కలిపి పంపే పవర్ 4 వాట్ల లెక్క దాటకూడదు, డిష్ పెడితే దాటొచ్చు కాబట్టి సెట్టింగ్స్‌లో పవర్ తగ్గించుకోవాలి, డిష్ వల్ల అవతలి సిగ్నల్ అందుకోవడం కూడా పెరుగుతుంది కాబట్టి తగ్గించినా పెద్ద నష్టం లేదు. 2007లో వెనిజులాలో ఎర్మానో పియెత్రోసెమోలి బృందం పెద్ద డిష్‌లతో వైఫైని 382 కిలోమీటర్లు పంపించింది, మనకి కావాల్సింది అర కిలోమీటరే కదండీ.

అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు చేతులతో పరికరాలు తయారుచేసే ల్యాబ్) ఉన్న స్కూళ్లలో పిల్లల చేత ఇది చేయించొచ్చు, మన ఊళ్లో పనికొచ్చే ప్రాజెక్టు ఇంతకన్నా ఏముంటుంది? మీరు జిల్లా ఎడిషన్లో బొమ్మలతో సహా వేయండి, డిష్ వంపు బొమ్మ మాత్రం పెద్దదిగా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
భీమవరం దగ్గర ఒక పల్లె