వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా నత్తల సంబంధాలే

మన అక్వేరియం క్లబ్ సభ్యులందరికీ నమస్కారం. నెలవారీ సమావేశాలు, నీటి పరీక్షలు, మొక్కల పంపకం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. కార్యవర్గాన్ని ఈ ఏడాది నిలవనీయకుండా చేసినవి మాత్రం నత్తలే.

సభ్యుల మధ్య నత్తల మార్పిడి మొదలుపెట్టినప్పుడు పెద్ద పనేముందిలే అనుకున్నాం. తీరా చూస్తే పెళ్లిళ్ల పేరయ్య ఉద్యోగమైంది. జత అడిగినవాళ్లకి మిస్టరీ నత్తల్ని (తొట్టెల్లో పెంచే ఒక రకం నీటి నత్తలు) రెండేసి ఇచ్చాం. వీటిలో ఆడ, మగ వేరువేరు, కానీ గుల్ల చూసి చెప్పలేం. మొదట్లో అంచనా మీద ఇచ్చేశాం, ఆ తప్పు మాదే. ఒక సభ్యుడి తొట్టెలో ఒకదాని మీద ఇంకోటి రోజూ ఎక్కుతోంది, గుడ్ల జాడ లేదు. తీసి చూస్తే రెండూ మగవే! ఎదుటిది ఆడదా, మగదా అని మగ నత్త చూసుకోదు.

ఇప్పుడు పరీక్షించాకే ఇస్తున్నాం. నత్తను నీళ్లలోంచి తీసి వెల్లకిలా పట్టుకుంటే, కాసేపటికి తిరగబడదామని బయటికి సాగుతుంది. అప్పుడు దాని తలకు కుడివైపున గుల్ల లోపలికి తొంగిచూడాలి. మగదైతే లేతరంగు గొట్టంలాంటి తొడుగు కనిపిస్తుంది. ఓపిక కావాలి, చెయ్యి కదలకూడదు.

జత కుదిరితే మగది ఆడదాని గుల్ల ఎక్కి, కుడి అంచుకు చేరి గంటలకొద్దీ కదలదు. ఒక సమావేశంలో అందరం కళ్లారా చూశాం. ఆడది తనకేం పట్టనట్టు కీరదోస ముక్క తింటూనే ఉంది.

గుడ్లు నీటిమట్టానికి పైన, మూత కింద, లేత గులాబీ గుత్తిలా పెడుతుంది. ఒకరు బూజనుకుని గీకేశారు. మరొకరు ఎండిపోతాయని నీళ్లలో ముంచేశారు, ఒక్కటీ దక్కలేదు. వాటికి తడిగాలి చాలు, రెండు నుంచి నాలుగు వారాల్లో పిల్లలవుతాయి. "ఉన్నది ఒక్క నత్తే, గుడ్లెలా పెట్టిందండీ?" అని టెన్షన్‌తో ఫోన్లు వచ్చాయి. ఒకసారి జతకడితే ఆడది ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకుంటుంది, అంతే సంగతి.

రామ్స్‌హార్న్ రకం నత్తలకి ఈ జత కుదిర్చే బాధ లేదు, ప్రతిదీ ఆడా మగా రెండూ. ఒంటరిగా ఉన్నా సంతానం ఆగదు. నెరైట్ రకం నత్తల్లో ఆడ, మగ ఉన్నా, పిల్లలు బతకాలంటే ఉప్పునీరు కావాలి. మంచినీటి తొట్టెలో గాజుకి తెల్లచుక్కల్లాంటి గుడ్లే మిగులుతాయి. అసాసిన్ నత్తను మాత్రం వీటితో కలపకండి, తోటి నత్తల్నే తింటుంది. లోచ్, మరుగుజ్జు పఫర్ చేపలు కూడా అంతే.

ఎక్కువైన నత్తల్ని చెరువులో వదలొద్దని కార్యవర్గం తీర్మానించింది. మిస్టరీ నత్త దాయాది అయిన గోల్డెన్ ఆపిల్ నత్త స్పెయిన్‌లోని ఎబ్రో డెల్టా వరిపొలాల్ని పాడుచేశాక, 2012లో యూరోపియన్ యూనియన్ ఈ రెండూ చేరే ప్రజాతి మొత్తాన్నీ నిషేధించింది. మనకీ వరిపొలాలున్నాయి. గుడ్లు వద్దనుకుంటే ఒక రోజు డీప్ ఫ్రిజ్‌లో పెట్టి, ఆ తర్వాతే చెత్తలో వేయండి. నత్తలు ఎక్కువైతే సమావేశానికి తెండి, ఆడవైనా మగవైనా తీసుకుంటాం.

ఇట్లు,
కార్యదర్శి