వార్షిక నివేదిక: బెలోదెదిచ్‌తో మన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదికి ఒక ఫుట్‌బాల్ ఆటగాడిని తీసుకుని, ఆయన కెరీర్‌ను మొదటి నుంచి చివరిదాకా చూడటం మన సంఘం పద్ధతి. ఈసారి రొమేనియా అనుకోగానే అందరూ అక్కడి మేటి ఆటగాడు హాజీ పేరే చెప్పారు, నాతో సహా. నలుగురైదుగురు మాత్రం డిఫెండర్ మియోద్రాగ్ బెలోదెదిచ్ కావాలని పట్టుబట్టారు. వాదించీ వాదించీ చివరికి వాళ్ల మాటే నెగ్గించుకున్నారు. ఓడిపోయినందుకు ఇప్పుడు నాకేమీ బాధ లేదు.

మొదటి సమావేశంలో 1986 మే 7న సెవిల్లెలో జరిగిన యూరోపియన్ కప్ (యూరప్ క్లబ్‌ల పోటీ) ఫైనల్ చూశాం. రొమేనియా క్లబ్ స్తెయావా బుకారెస్ట్, స్పెయిన్ క్లబ్ బార్సిలోనా 120 నిమిషాలు ఆడినా గోల్ పడలేదు. విజేతను తేల్చే పెనాల్టీ షూటౌట్‌లో స్తెయావా గోల్‌కీపర్ డుకాడమ్ బార్సిలోనా తన్నిన నాలుగు పెనాల్టీలనూ ఆపేశాడు. స్తెయావా వాళ్లు మొదటి రెండూ పోగొట్టుకుని కూడా 2–0తో గెలిచారు. తూర్పు యూరప్ నుంచి ఈ కప్పు అందుకున్న మొదటి క్లబ్ అదే. అప్పటికి బెలోదెదిచ్‌కు ఇంకా 22 నిండలేదు. పెనాల్టీ తన్నే వంతు ఆయనకు రాలేదు. వెనక నుంచి బంతి తీసుకుని హడావిడి లేకుండా బయటికి వచ్చే ఆయన్ని అభిమానులు ‘జింక’ అనేవారట. ఆట చూశాక ఆ పేరు ఎందుకో ఎవరూ అడగలేదు.

రెండో సమావేశంలో మ్యాచ్ వేయలేదు, అంతా కబుర్లే. అయినా అందరూ చివరిదాకా కూర్చున్నది ఆ రోజే. బెలోదెదిచ్ యుగోస్లావియా సరిహద్దు దగ్గరి సోకోల్ గ్రామంలో సెర్బు కుటుంబంలో పుట్టాడు. 1988లో సరిహద్దు దాటి వెళ్లి, తిరిగి రాలేదు. బెల్‌గ్రేడ్‌లో రెడ్ స్టార్ క్లబ్‌లో చేరాడు. స్తెయావా ఏమో సైన్యం క్లబ్. దాంతో రొమేనియా నియంత చౌషెస్కు ప్రభుత్వం దాన్ని దేశద్రోహం కింద జమకట్టి, మనిషి లేకుండానే పదేళ్ల శిక్ష వేసింది. ఏడాదిపాటు అధికారిక మ్యాచ్‌లు ఆడకుండా నిషేధం కూడా పడింది. 1989 డిసెంబరులో చౌషెస్కు కూలిపోయాక ఆ శిక్ష రద్దయింది.

మూడో సమావేశం ఇటలీలోని బారీలో జరిగిన 1991 యూరోపియన్ కప్ ఫైనల్. రెడ్ స్టార్, ఫ్రాన్స్ క్లబ్ మార్సెయ్. నిజం చెప్పాలంటే ఆట చాలా చప్పగా సాగింది. మధ్యలో మన ప్రొజెక్టర్ మొరాయించినా ఎవరూ పెద్దగా కంగారుపడలేదు. మళ్లీ 0–0, మళ్లీ పెనాల్టీలు. ఈసారి మూడో పెనాల్టీ ఆయనే తన్ని గోల్ చేశాడు. రెడ్ స్టార్ 5–3తో గెలిచింది. రెండు వేర్వేరు క్లబ్‌ల తరఫున ఫైనల్‌లో ఆడి ఈ కప్పు గెలిచిన మొదటి ఆటగాడు బెలోదెదిచ్.

ఆ తర్వాత స్పెయిన్‌లో వలెన్సియా, ఇంకో రెండు క్లబ్‌లు, అక్కడి నుంచి మెక్సికో. వాటిని త్వరగా దాటేసి 1994 ప్రపంచ కప్‌కు వచ్చాం. ఒకప్పుడు ద్రోహి అన్న దేశం తరఫునే ఆయన ఆడాడు. రొమేనియా అర్జెంటీనాను 3–2తో ఓడించినప్పుడు హాల్లో ఈలలు మోగాయి. క్వార్టర్ ఫైనల్‌లో స్వీడన్‌తో 2–2, మళ్లీ షూటౌట్. ఫలితం తెలిసి కూడా టెన్షన్ పడ్డాం. చివరి పెనాల్టీ బెలోదెదిచ్‌దే. స్వీడన్ గోల్‌కీపర్ రవేలి ఆపేశాడు. కాసేపు ఎవరూ లైట్ వేయలేదు.

1998లో స్తెయావాకే తిరిగొచ్చి, 2001లో ఆట ముగించాడు.

జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం. బారీ ఫైనల్ ఉన్న పెన్‌డ్రైవ్ ఎవరి దగ్గరో ఉండిపోయింది, దయచేసి తెచ్చివ్వండి. వచ్చే ఏడాది ప్రతిపాదనల్లో హాజీ పేరు మళ్లీ ఉంది. రాసింది నేనే.

— కార్యదర్శి