వీనావ్ డిసెంట్: నాబ్ తిప్పారా?

అందరికీ నమస్తే. జీ1000 (కాక్‌పిట్‌లోని డిజిటల్ స్క్రీన్లు), జీఎఫ్‌సీ 700 (ఆటోపైలట్) ఉన్న సెస్నా చిన్న విమానాల్లో ఎగిరేవాళ్లు ఇది చూడండి. వీనావ్ (నిర్ణీత వాలులో కిందికి దిగేందుకు దారి చూపే ఏర్పాటు) పెట్టేశాం కదా, విమానం దానంతటదే దిగుతుందనుకుంటే పొరపాటే. ఆల్టిట్యూడ్ నాబ్ (ఎత్తు సెట్ చేసేది) కిందికి తిప్పకపోతే టాప్ ఆఫ్ డిసెంట్ (దిగడం మొదలుపెట్టాల్సిన చోటు) దాటినా అది 8000 అడుగుల్లోనే తాపీగా పోతుంటుంది. నేనూ ఓసారి అలాగే చూస్తూ కూర్చున్నా! కంట్రోలర్ దిగమన్నాక ముందు నాబ్, తర్వాత వీఎన్‌వీ (వీనావ్) బటన్. దిగే చోటుకి వచ్చాక స్క్రీన్ మీద వీపీటీహెచ్ (ఆటోపైలట్ ఆ వాలును పట్టుకుందని చూపే గుర్తు) ఆకుపచ్చగా మారిందో లేదో కళ్లారా చూసుకోండి. నొక్కాను కదా అన్న ధీమా చాలదు.

లెక్క మన దగ్గరా ఉండాలి. 3 డిగ్రీల వాలులో వెయ్యి అడుగులు దిగడానికి దాదాపు 3 నాటికల్ మైళ్లు పడుతుంది. 8000 నుంచి 2000కి అంటే సుమారు 19 మైళ్ల ముందే మొదలుపెట్టాలి. ఎంత వేగంగా కిందికి దిగాలో తెలియాలంటే గ్రౌండ్ స్పీడ్‌ను (నేలతో పోలిస్తే విమానం వేగం) 5తో గుణించండి: 120 నాట్లకు నిమిషానికి 600 అడుగులు. వెనక గాలి ఉంటే ఇంకా ఎక్కువ.

అసలు చిక్కు థ్రాటిల్‌తోనే. ఆటోపైలట్ ముక్కు వంచుతుంది గానీ పవర్ తగ్గించదు, ఆ పని మనదే. పట్టించుకోకపోతే స్పీడ్ పసుపు గీతలోకి (స్పీడ్ మీటర్‌లో జాగ్రత్త పడాల్సిన భాగం) ఎక్కేస్తుంది, గాలి గతుకుల్లో అది అస్సలు వద్దు. పవర్ కొద్దికొద్దిగా తీయండి. మిక్స్చర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి, ఇంధనాల పాళ్లు) కూడా రిచ్ చేసుకుంటూ, అంటే ఇంధనం పాలు పెంచుకుంటూ రండి, చాలామంది మర్చిపోయేది అదే.