దిద్దుబాటు దగ్గర ఆగిపోయిన మా అమ్మాయికి

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "నవల రాసేటప్పుడు నిద్రే గుర్తురాలేదమ్మా, దిద్దడానికి కూర్చుంటే పది నిమిషాలు నిలవలేకపోతున్నాను. నాకు పట్టుదల లేదేమో" అన్నావు. అప్పటికేదో సర్దిచెప్పాను గానీ, అది సర్దిచెప్పి ఊరుకునే విషయం కాదు.

మొదటి ప్రతి రాసేటప్పుడు తర్వాత ఏమవుతుందో రాసేవాళ్లకే తెలియదు. ఆ కుతూహలమే కుర్చీలో కూర్చోబెడుతుంది. దిద్దేటప్పుడు అంతా తెలిసిన కథే. ఎవరు పోతారో, ఎవరు ఇల్లు వదిలి వెళ్తారో తెలిశాక మళ్లీ ఆ పేజీల్లోకి వెళ్లమంటే మనసు మొరాయిస్తుంది. పైగా మనం రాసినదాన్నే పరాయివాళ్లలా చదవాలి. దీన్ని బద్ధకమంటే నేనొప్పుకోను.

నేను చేసేదొకటి చెప్తాను. ప్రింటు తీసుకుని పెన్సిల్‌తో కూర్చుంటాను. ఫోన్ పక్కగదిలో ఉంటుంది. అయినా కాసేపటికి ఎవరికో జవాబివ్వాలని గుర్తొస్తుంది, ఎన్నాళ్లుగానో పట్టించుకోని అలమర అప్పుడే సర్దాలనిపిస్తుంది. అలా అనిపించినప్పుడల్లా, లేవకముందే, నేనున్న వాక్యం పక్కన మార్జిన్‌లో చిన్న గీత గీస్తాను. అధ్యాయం అయ్యాక చూస్తే బాగా కుదిరిన సంభాషణ పక్కన ఒక్క గీతా ఉండదు. కొన్ని పేరాల పక్కన మాత్రం గుంపుగా ఉంటాయి. మనసు ఊరికే పారిపోదమ్మా, అబద్ధంగా ఉన్న చోటు నుంచే పారిపోతుంది.

ఇప్పుడు దిద్దుతున్న నవల్లో, చాలా ఏళ్లకు కొడుకు తండ్రి మంచం దగ్గరికి వచ్చే ఘట్టం ఉంది. "అతని గుండె బరువెక్కింది. మాటలు రాలేదు" అని ఉండేది. వ్యాకరణం చక్కగానే ఉంది, ఏం తప్పో కనబడదు. గీతలు మాత్రం అక్కడే. అది వదిలేసి, ఆ గదిలో అతను ఏం చేసి ఉంటాడా అని కళ్లు మూసుకుని ఆలోచించాను. కొడుకు, మంచం పక్కనున్న తండ్రి కళ్లజోడు చేతిలోకి తీసుకున్నాడు. చొక్కా అంచుతో అద్దాలు తుడిచాడు. పెట్టబోయి, నిద్రపోతున్న మనిషికి ఎందుకులే అని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. పాత వాక్యాలు రెండూ కొట్టేశాను. ఆ పేజీ చదువుతుంటే ఇప్పుడు నాకు అలమర గుర్తురావడం లేదు.

1929లో వచ్చిన తన నవల 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్' చివరి పేజీని 39 సార్లు తిరగరాశానని అమెరికన్ రచయిత హెమింగ్వే 1958లో అచ్చయిన ఇంటర్వ్యూలో చెప్పాడు. అంత ఇబ్బంది ఎక్కడొచ్చిందని అడిగితే, మాటలు సరిగ్గా కుదరడం దగ్గర అన్నాడు. అంతటివాడికే అన్నిసార్లు పట్టింది, నువ్వు మొదటి నవలకే కంగారు పడకు.

25 నిమిషాలు టైమర్ పెట్టుకుని పనిచేస్తున్నానన్నావు. కొత్తగా రాయడానికి అది పనికొస్తుందేమో గానీ, దిద్దుబాటుకు నాకు నచ్చదు. ఘట్టం మధ్యలో గంట మోగితే అప్పుడప్పుడే పట్టుబడుతున్న లయ తెగిపోతుంది. గడియారం లెక్క కాకుండా ఘట్టం లెక్క పెట్టుకో. రోజుకి ఒక్క ఘట్టం చాలు.

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ పద్ధతి నాకెంతో ఇష్టం. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే తెల్లవారి 5:30కి బల్ల ముందు కూర్చునేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటలు రాసేవాడని అందరూ చెప్పుకుంటారు. దానికంటే ముందు అరగంట సేపు నిన్న రాసింది చదువుకునేవాడు, మాటల చప్పుడును చెవితో తూచుకుంటూ. నువ్వూ పైకి చదువు. కళ్లు దాటేసిన చోట గొంతు తడబడుతుంది, అక్కడా ఒక గీత గియ్యి.

నీ ఏడో అధ్యాయం దగ్గరే కదా ఆగిపోయావు? దాన్ని ఇంకా దిద్దకు. ఎక్కడెక్కడ లేవాలనిపించిందో గీతలు పెట్టి, ఆ పేజీలు ఉన్నవి ఉన్నట్టే నాకు పంపు. ఆదివారం పొద్దున ఇద్దరం ఫోన్లో కూర్చుని, ఒక్కో గీత దగ్గరా ఆగి చూద్దాం. నా పేజీలు కూడా నీకు పంపుతాను. మొహమాటపడకుండా చెప్పాలి సుమా.

ప్రేమతో,
అమ్మ