వయోలా తొట్లలో ముళ్ల పురుగు

కేరీ, నార్త్ కెరొలైనా
అక్టోబరు చివరి ఆదివారం

ప్రియమైన సుబ్బూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించు. ఇక్కడ అందరం క్షేమం. పెద్దవాడికి కాలేజీ దరఖాస్తుల హడావిడి, నా మోకాలు ఎప్పటిలాగే ఉంది. ఇక అసలు సంగతికి వస్తాను, అది నీకు చెప్పేదాకా నాకు మరే పనీ తోచదు.

ఈ ఊళ్లో శరత్కాలంలో నాటిన వయోలాలు (పాన్సీ జాతి చిన్న పూల మొక్కలు) చలిని తట్టుకొని మే నెల దాకా పూస్తాయి. గుమ్మం ముందు తొట్లలో ఊదావి, పసుపువి నాటామో లేదో, ఆకులకు చిల్లులు పడ్డాయి, పూరేకులు సగం సగం మాయమయ్యాయి. పక్కింటి పెద్దాయన ఒక్క చూపు చూసి, ఇది నత్తల పనేనని తీర్పు చెప్పి, ఐరన్ ఫాస్ఫేట్ గుళికల డబ్బా కూడా తెచ్చి చేతిలో పెట్టాడు. సాంబారు విచారణ సంఘంలో నీ పక్కన కూర్చున్నవాణ్ణి, సాక్ష్యం లేనిదే శిక్ష వేస్తానా? (ఆనాటి నిందితుడి పేరు ఇక్కడ రాయను, మా ఆవిడ ఈ ఉత్తరం చదువుతుంది.)

నత్త పాకితే వెండిలా మెరిసే జిగురు చార మిగలాలి. రాత్రి టార్చి వేసి వెతికినా అది కనబడలేదు. కుందేలు కొరికితే కాడ కత్తిరించినట్లు తెగుతుంది, ఇక్కడ కాడలు నిక్షేపంగా ఉన్నాయి. 2021లో మీ మిర్చి పూలకు నల్ల తామర పురుగు పట్టినప్పుడు, పూవును తెల్ల కాగితం మీద దులిపి వీడియోలో చూపించావు గుర్తుందా? నేనూ అలాగే దులిపాను, పుప్పొడి తప్ప ఏమీ రాలలేదు. అయితే కింది ఆకుల మీద నల్లని సన్నని పెంటికలు ఉన్నాయి, అంటే గొంగళి పురుగు! పట్టపగలే ఆకు తిప్పి చూస్తే దొరికింది: నారింజ ఎరుపు ఒళ్లు, తెల్లని చారలు, నిండా నల్లని ముళ్లు, తల మీద ఇంకా పొడవైన ముళ్ల జత. చూడటానికి భయంకరమే గాని ఆ ముళ్లు కుట్టవు. వేరియగేటెడ్ ఫ్రిటిలరీ అనే సీతాకోకచిలుక సంతానమది. వయోలాలతో పాటు మన కృష్ణకమలం జాతి తీగలనూ తింటుంది.

మందు లేక కాదు. మీ బీటీ పత్తిలోని జన్యువు ఏ బాక్టీరియా నుంచి వచ్చిందో, దానినే ఇక్కడ సీసాలలో అమ్ముతారు. ఎండకు శక్తి కోల్పోతుంది కనుక సాయంత్రం చల్లాలి. తిన్న పురుగు కొన్ని గంటలలో మేత మాని, కొన్ని రోజులలో చస్తుంది, తేనెటీగలకు హాని ఉండదు. సీసా కొని తెచ్చాను కూడా. ఇంతలో ఒక తొట్టి అంచు కింద ప్యూపా వేలాడుతూ కనిపించింది, ముత్యపు తెలుపు మీద బంగారు బొడిపెలు! ఇలాంటి జుంకా మీరు ఒక్కటైనా కొనిపెట్టారా అని మా ఆవిడ అడిగిన తరువాత, సుబ్బూ, ఇక మందు కొట్టే ధైర్యం ఎవరికి ఉంటుంది?

కాని చిక్కంతా అక్కడే వచ్చింది. లేత చిగుళ్లు ముడుచుకుపోయి, జిగురు పట్టి, చీమలు తిరుగుతున్నాయి, అంటే చిగుళ్ల రసం పీల్చే పేనుబంక కూడా ఉందన్నమాట. నువ్వు వెంటనే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొట్టమంటావు. అది మొక్క రసంలో కలిసి పుప్పొడికీ మకరందానికీ చేరుతుంది, తేనెటీగల క్షేమం కోసం ఐరోపా సమాఖ్య 2018లో ఆరుబయట వాడకాన్ని నిషేధించింది కూడా. అజాడిరాక్టిన్ ఉన్న వేప మందైనా గొంగళి పురుగును వదలదు. అందుచేత ముళ్ల దొరలను ఆకులతో సహా తీసి, కంచె పక్కన కలుపుగా మొలిచిన అడవి వయొలెట్ల మీదికి సాగనంపాను. ప్యూపా ఉన్న తొట్టిని దూరంగా జరిపి, మిగిలిన వాటి ఆకుల అడుగున గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టి, ఆ తరువాత పురుగులకని అమ్మే సబ్బు మందు చల్లాను. అది తడిగా తగిలిన పురుగునే చంపుతుంది, ఆరితే పనిచేయదు, కనుక మళ్లీ మళ్లీ చల్లక తప్పదు. ఆ ఓపిక నాకు ఎక్కడిదని నవ్వకు. కొత్త చిగుళ్లు ఇప్పుడు తిన్నగా వస్తున్నాయి.

ఈ జాతి గట్టి మంచుకు బతకదు, దక్షిణాన వెచ్చని చోట్లలోనే చలికాలం గడుపుతుంది. కనుక ఆ జుంకా త్వరగా తెరుచుకోకపోతే... సరే, అది వచ్చే ఉత్తరంలో. గుళికల డబ్బాను పెద్దాయన మనసు నొచ్చుకోకుండా తిరిగి ఇచ్చే ఉపాయం ఉంటే రాయి. అత్తయ్యగారికి నా నమస్కారాలు. మీ చేలో ఈసారి తామర పురుగుకు నీలం జిగురు అట్టలు కట్టావా, వాటికి పురుగు ఏమాత్రం... చిన్నదాన్ని తబలా క్లాసు నుంచి తీసుకురావలసిన వేళ దాటిపోయింది, ఉంటాను.

నీ
ప్రసాదు