తల తెగిన బొమ్మ

సంపాదకులకు నమస్కారం.

పాత సినిమాల వారం ఎక్కడ జరిగినా పత్రికల్లో సినిమా పేరు, ఆట వేళ వస్తాయి. వేసేది ఏ కాపీ, తెర మీద ఏ కొలతలో వేస్తారు అన్న రెండు ముక్కలు మాత్రం రావు. ఏళ్ల తరబడి బాగుచేసిన సినిమా హాలుకొచ్చాక పాడయ్యేది చాలావరకు ఆ రెంటి దగ్గరే.

మాటల సినిమాకు 1932లో స్థిరపడిన కొలత 1.37:1. ఎత్తు పదడుగులైతే వెడల్పు పద్నాలుగడుగులైనా ఉండదన్నమాట. 1953లో సినిమాస్కోపు వచ్చేదాకా దాదాపు అందరూ ఆ చట్రంలోనే తీశారు. ఇప్పటి తెరలేమో 1.85కో, 2.39కో కట్టినవి. వాటి మీద పాత బొమ్మ వేస్తే రెండు పక్కలా ఖాళీ మిగులుతుంది. మిగలాలి కూడా. ‘తెర నిండలేదు’ అని జనం గోల చేస్తారన్న భయంతో వెడల్పుకి సరిపెట్టారా, 1.85 తెర మీద పైనా కిందా కలిపి బొమ్మలో 26 శాతం ఎగిరిపోతుంది, 2.39 మీదైతే 43 శాతం. నుదుళ్లు, నాట్యం చేసే పాదాలు, టైటిల్స్‌లో అడుగు వరస పేర్లు అలా పోయేవే. కోయకుండా అడ్డంగా సాగదీయడం మరో ఘనకార్యం. బండి చక్రం కోలగా, మనుషులు పొట్టిగా, లావుగా కనబడితే జరిగింది అదే.

డిజిటల్ కాపీలో ఈ కొలత ముందే కూర్చి ఉంటుంది. 2కె (అడ్డంగా సుమారు రెండు వేల చుక్కల) కాపీలో ఫ్లాట్ చట్రం, అంటే 1.85ది, 1998×1080 చుక్కలైతే, అందులో అసలు బొమ్మ నడిమధ్యన 1480×1080. ఆపరేటర్ ఫ్లాట్ మీట నొక్కితే చాలు. పొరపాటున స్కోప్ (2.39) నొక్కితే, ఎత్తు మారకుండా పక్కలకు విచ్చుకునే తెరల్లో లెన్స్ జూమై, పైన పదో వంతు, కింద పదో వంతు తెర దాటి గోడ మీద పడుతుంది. పక్కల నల్ల గుడ్డను బొమ్మ అంచుదాకా లాగడం కూడా మరవకూడదు. ప్రొజెక్టర్ ఇచ్చే నలుపు నిజానికి ముదురు బూడిద రంగు, చీకటి దృశ్యాల్లో ఆ పట్టీలు కళ్లలో గుచ్చుకుంటాయి. 35 ఎంఎం ప్రింటే వేస్తుంటే 1.37కి విడిగా గేటు ప్లేటు (బొమ్మ అంచులను హద్దు చేసే రేకు), విడిగా లెన్సు ఉండాలి. లేనిచోట 1.85 ప్లేటుతో కానిచ్చేస్తారు, తలలు తెగుతాయి, తప్పు పాత కెమెరామన్ మీదికి పోతుంది!

వెలుతురు సంగతి చిన్నదే. 3డి కోసం బిగించిన పెట్టెను లెన్స్ ముందునుంచి తప్పించకపోతే సగానికి పైగా కాంతి పోతుంది. 3డి కోసం వేసే వెండి పూత తెర అయితే నడుమ మెరిసి అంచులు మసకబారతాయి, నలుపు తెలుపు సినిమాలో అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

శబ్దం దగ్గర ఎక్కువ తప్పులు మంచి ఉద్దేశంతో జరుగుతాయి. పాత సినిమాలు మోనో, ఒకే ట్రాకు. అది తెర వెనక నడిమి స్పీకర్ నుంచి మాత్రమే రావాలి. హాలంతా మోగాలని చుట్టూ ఉన్న స్పీకర్లకు పంచితే మాట డొల్లగా, బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. శుభ్రం చేసేటప్పుడు బుసబుసను మరీ గట్టిగా తుడిచినా నష్టమే. దాంతోపాటు స, ష ధ్వనులు, పాటకు ముందు తీసే ఊపిరి కూడా పోతాయి. కాస్త బుస ఉంచినవాడే పనిమంతుడు.

మూకీలదింకో తంటా. సెకనుకు 16 నుంచి 24 ఫ్రేముల దాకా రకరకాల వేగాల్లో తీశారు. 18తో తీసిన తొంభై నిమిషాల సినిమాను 24తో తోలితే అరవై ఏడున్నర నిమిషాల్లో అయిపోతుంది, మనుషులు కీలుబొమ్మల్లా పరుగెడతారు. ఆ కాలం సినిమాలన్నీ అంతేననుకుంటారు పాపం.

ఇక పోస్టర్ మీద ‘4కె’, అంటే అడ్డంగా సుమారు నాలుగు వేల చుక్కలు. అది స్కాన్ చేసిన కొలతే గాని దేన్ని స్కాన్ చేశారో చెప్పదు. అసలు కెమెరా నెగటివ్, దాని నుంచి తీసిన డూప్, హాళ్లలో తిరిగి గీతలు పడ్డ ప్రింటు, ఒక్కో మెట్టు దిగేకొద్దీ వివరం తగ్గుతుంది. అరిగిన ప్రింటును 4కెలో ఎక్కించినా నెగటివ్ నుంచి తీసిన 2కె కాపీకి సాటి రాదు. పైగా హాల్లో ఉన్నది 2కె ప్రొజెక్టరైతే 4కె ఫైలు కూడా 2కెగానే పడుతుంది. ఫిల్ములో సహజంగా ఉండే రేణువును చెరిపేసి ముఖాలను మైనపు బొమ్మలుగా మార్చడాన్నీ పునరుద్ధరణ అనే అంటున్నారు. సత్యజిత్ రాయ్ అపూ చిత్రాల నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్ అగ్నిప్రమాదంలో కాలాయి. 2015లో వచ్చిన 4కె కాపీల కోసం కాలిన వాటిలో మిగిలిన భాగాలనే తేమ పట్టించి మెత్తబరిచి స్కాన్ చేశారు, పనికిరాని చోట వేరే కాపీల నుంచి నింపారు. అక్కడక్కడా బొమ్మ తేడాగా ఉందంటే కారణం అది. ఈ సంగతి ముందే అచ్చువేస్తే ప్రేక్షకుడు అర్థం చేసుకుంటాడు.

నిర్వాహకులకు ఒక మనవి. డిజిటల్ కాపీని తెరిచే తాళం ఫలానా తేదీ, ఫలానా గంట నుంచే పనిచేస్తుంది. ఆటకు కనీసం ఒక రోజు ముందు నుంచి చెల్లేలా అడగండి. లేకపోతే పరీక్షగా వేసి చూసుకునే వీలుండదు, మొదటి ఆట ప్రేక్షకులే పరీక్షకులవుతారు.

మీ పత్రిక చేయగలిగింది కూడా ఒకటుంది. ఆటల వివరాల్లో కాపీ దేని నుంచి తయారైందో, కొలత ఎంతో, నిడివి ఎంతో మూడు మాటలు వేయండి. నిడివి ఎందుకంటే, మాటల సినిమా 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రికార్డుల్లో 13,500 అడుగులని ఉంటే అది సరిగ్గా 150 నిమిషాల సినిమా. హాల్లో 130కే దీపాలు వెలిగితే ఎవరో కత్తెర వేశారు. 144కి వెలిగి, గొంతులు కాస్త కీచుగా వినిపించాయంటే, అది సెకనుకు 25 ఫ్రేములతో నడిచే టీవీ టేపు నుంచి ఎత్తిన కాపీ కావచ్చు, పోస్టర్ మీద ఏం రాసి ఉన్నా సరే.

ఇట్లు,
ప్రొజెక్షన్ పని తెలిసిన ఒక పాఠకుడు