ముల్లు అరిగిందేమో చూసుకోండన్నా

నిన్న కావలి నుంచి మన పాటల ప్లేట్ల గ్రూపులో ఒకన్న ఫోన్ చేసి, ‘ఘంటసాల గొంతు గరగరమంటా ఉంది, ప్లేటు పాడైందా?’ అన్నాడు. నాకైతే ప్లేటు మీద ఆనే రికార్డ్ ప్లేయర్ ముల్లు మీదే అనుమానం. ప్లేటు మొదట్లో బాగుండి, లేబుల్ దగ్గరకొచ్చేసరికి ‘స’, ‘ష’ బుసకొడతా ఉంటే అదే గుర్తు. కార్ట్రిడ్జి, అంటే ముల్లు ఉండే చిన్న డబ్బీ, వంకరగా బిగించినా ఇట్నే ఉంటది. తప్పు ప్లేటుదో కాదో తేలాలంటే ఇదివరకు బాగా పాడిన ప్లేటే వేసి చూడండి. ముందు బ్రష్షుతో ముల్లు దుమ్ము వెనక నుంచి ముందుకు తుడవండి, వేలితో ముట్టుకోబాకండి.

ముల్లుకుండే వజ్రపు మొన మామూలుగా 500 నుంచి 1000 గంటలొస్తది. రోజుకొక ఎల్‌పీ (లాంగ్ ప్లే పెద్ద ప్లేటు), 40 నిమిషాలు అనుకున్నా రెండేళ్లకి 500 దగ్గరపడతది. అరిగిన ముల్లు ప్లేటు మీద పాట ఉండే గాడిని చెక్కేస్తది, ఆ ప్లేటు ఇంక బాగుకాదు. పాత మిషన్ కొన్నోళ్లు ముల్లు అరిగిందనే లెక్కేసుకోండి.

అన్నట్టు, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం ప్లేట్లకి ఎల్‌పీ ముల్లు వాడబాకండి, వాటికి లావు మొన వేరే ఉంటది.